ఊళ్ళు గీసే చదువు

మొన్న ఒక నిశ్చితార్థానికి పులివెందుల పోయినాం. భోజనాలయ్యాక మా ఆయన తరఫు పెద్దావిడ ఒకామె మా పెద్దదాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏం పాపా, ఏం సదివినావు?"

"టౌన్ ప్లానింగ్ అవ్వా. ఎం.ప్లాన్ అంటారు."

"అంటే ఏందమ్మా?"

పాపం పిల్ల విడమరిచి చెప్పబోయింది. ఊళ్ళు ఎటువైపు పెరగాల, రోడ్లు ఎక్కడ రావాల, నీళ్ళు ఎట్లా పారాల... ఆ అవ్వ సగంలోనే అందుకుంది. ముఖం ఇంత చేసుకుని, "ఓ, మునిసిపాలిటీలో ఇంటి ప్లాన్లకు సంతకం పెట్టేవాళ్ళు గదా! మంచి పనే పట్టినావు. జీతం తక్కువైనా పైన బాగా వచ్చాది లే" అనింది.

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. మా పెద్దది మాత్రం నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తుమ్మలపల్లె వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరినాక చెప్పులు విడుస్తూ, "నువ్వు కూడా నవ్వినావు కదమ్మా" అనింది. అంతే. ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు ఈ చదువేమిటో చెప్పాలి. మన ఇళ్ళల్లో ఇంజనీరింగ్ తెలుసు, మెడిసిన్ తెలుసు, డీఎస్సీ తెలుసు. ఇది తెలియదు. రెండేళ్ళ కిందటి వరకు నాకూ తెలియదు. పిల్ల బీటెక్ సివిల్ చదివింది. అందరి పిల్లల్లాగే సాఫ్ట్‌వేర్‌లోకి పోతుందనుకున్నాం. గేట్ రాసి, సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో విజయవాడ ఎస్పీఏలో, అంటే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సీటు తెచ్చుకుంది. కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టిన సంస్థ అది. గేట్ స్కోరుతో చేరిన పిల్లలకు నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్ కూడా వస్తుంది. దాంతో మా ఆయన పెద్దగా అడ్డు చెప్పలేదు. ఈ కోర్సుకు సివిల్, ఆర్కిటెక్చర్ చదివిన వాళ్ళే రావాలని లేదు. ఎకనామిక్స్, జాగ్రఫీ, సోషియాలజీ పీజీ చేసిన పిల్లలకూ దారి ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది. ఆ వైపు చదువులకని మన కడపలోనే 2020లో ఒక యూనివర్సిటీ వచ్చింది. ఇంట్లో డిగ్రీ పిల్లలున్న తల్లులు ఈ సంగతి ఒక చెవిన వేసుకుని ఉండండి.

నేను బీఏ తెలుగు దాన్ని కాబట్టి పిల్ల చదువు నాకు నా పద్ధతిలోనే అర్థమైంది. ప్రబంధాల్లో పురవర్ణన ఉంటుంది కదా. కోటలు, మేడలు, ఉద్యానవనాలు, మేడల మీద చంద్రుడు, వీధుల్లో ఏనుగులు. ఎన్ని పద్యాలు చదివినా ఆ పురంలో వాడిన నీళ్ళు ఎటు పోతాయో ఏ కవీ చెప్పలేదు. చెత్త ఎవరు ఎత్తుతారు, పొరుగూరి నుంచి కూరగాయల గంప తెచ్చిన ఆడమనిషి ఎక్కడ కూర్చుంటుంది, ఆమె రాత్రికి ఎట్లా ఇల్లు చేరుతుంది? కవులు వదిలేసిన ఆ భాగమే మా పెద్దది చదివింది. ఈ మాట దానికి చెబితే, "మా ప్రొఫెసర్లకన్నా నువ్వే బాగా చెప్పినావు" అనింది. తల్లిని ఉబ్బేయడం కూడా ఆ కాలేజీలోనే నేర్పుతారో ఏమో.

సరే, చదువు అయింది. ఉద్యోగం మాట.

పోయిన వేసవిలో కోర్సు ముగిసేసరికి దాని ముందు రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాదులో ప్రైవేటు కన్సల్టెన్సీ. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక ఊరికి మాస్టర్ ప్లాన్ తయారు చేసే కాంట్రాక్టు వాళ్ళకొచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మలు కంప్యూటర్లో పెట్టుకుని జీఐఎస్‌లో మ్యాపులు గీయాలి. జీతం మేం అనుకున్నంత. రెండోది మన రాయలసీమలోనే ఒక మునిసిపాలిటీలో పని, ఒక సంస్థ తరఫున ఏడాది కాంట్రాక్టు. జీతం మొదటి దాంట్లో సగం. పిల్లకు ఆ రెండోదే కావాలి.

"ఆ జీతానికా?" అన్నాను నేను.

అన్న వెంటనే నోట్లో ఏదో చేదు తగిలింది. ఆ మాట నాది కాదు, మా నాయనది. నేను బీఏ ముగించిన ఏడాది మా పుట్టింటి ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరమన్నారు. నాకు చేరాలని ప్రాణం కొట్టుకుంది. నాయన కాగితం చూసి, "ఆ జీతానికా? బస్సు చార్జీలకు కూడా రావు, ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. మరుసటి ఏడాది పెళ్ళయింది. నాయనను ఇప్పుడు తప్పు పట్టడం లేదు, ఆయన లెక్క ఆయనది. కానీ మొదటి ఉద్యోగం జీతం కోసం మాత్రమే కాదని నాకు తెలిసింది అది పోయినాకనే. ఆ మొదటి ఏడాదిలో మనిషికి ఒక పేరొస్తుంది. టీచరమ్మ అనో, ఇంజనీరు అనో. నాకు ఆ ఏడాది రాలేదు. అట్లా అని ఇప్పుడు నేనేదో ఏడుస్తున్నాననుకోకండి. కాపురం బాగానే జరిగింది. కానీ ఇరవై అయిదేళ్ళ తర్వాత అదే మాట నా నోటి నుంచి నా కూతురి మీద పడింది కదా, అదీ నా బాధ.

పిల్ల జవాబు చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున్నే, "అమ్మా, నాతో రెండు రోజులు వస్తావా?" అనింది. దాని థీసిస్ పని అప్పటికి కొంచెం మిగిలి ఉంది.

పోయినాం. మన జిల్లాలోనే ఒక బజారు ఊరు. పేరు రాయను. రాస్తే ఆ ఊరి కోడళ్ళు నాతో మాట్లాడటం మానేస్తారు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా పెళ్ళికి చీరలైనా, బంగారమైనా, ఆసుపత్రి పనైనా అక్కడికే పోవాలి. పిల్ల ఒక నోటు పుస్తకం పట్టుకుని బస్టాండు నుంచి బజారుకు, బజారు నుంచి ఆసుపత్రుల వీధికి నడుస్తా ఉంది. ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ రోడ్డు దాటుతున్నారు అని రాసుకుంటా ఉంది. నేను వెనకాల గొడుగు పట్టుకుని. ఎండ గురించి చెప్పేదేముంది, మన ఎండలు మీకు తెలుసు.

మధ్యాహ్నం ఒక బట్టల కొట్టు ముందు ఒకామె పరిచయమైంది. నా వయసే. పొద్దున ఆరు గంటల బస్సుకు బయలుదేరిందట. మాటల్లో చెప్పింది, తాను ఆ కొట్టులో ప్రతిసారీ ఒక జాకెట్ గుడ్డ కొంటుందట. ఇంట్లో ఇప్పటికే బోలెడు పడి ఉన్నాయట. "మరెందుకు కొంటావు?" అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఏదో ఒగటి కొంటేనే గదమ్మా లోపలికి బాత్రూముకు పోనిచ్చేది" అనింది.

మా పెద్దది ఆ మాట రాసుకుంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే బజారుకు పోయే రోజు పొద్దున కాఫీ తర్వాత నేను చుక్క నీళ్ళు తాగను. మా అత్త కూడా అంతే, మా వదిన కూడా అంతే. అది మా అలవాటనుకున్నాం. ఉపవాసం లాగా బజారు నియమం. ఒక ఊరిని సరిగ్గా గీసి ఉంటే ఆ నియమం అవసరమే ఉండదని, ఆ గీత గీయడానికి ఒక చదువుందని, అది చదివిన పిల్ల నా ఇంట్లోనే ఉందని నాకు ఆ కొట్టు ముందు తెలిసింది.

రాత్రి పిల్ల నాకు మాస్టర్ ప్లాన్ ఎట్లుంటుందో చూపించింది. పసుపు రంగు ఇళ్ళకు, నీలం వ్యాపారానికి, ఎరుపు ఆఫీసులకు, బళ్ళకు, ఆసుపత్రులకు, పచ్చ పార్కులకు. "మరి ఆ జాకెట్ గుడ్డ కొన్నామె ఏ రంగు?" అన్నాను. "అదే నా థీసిస్" అనింది.

వందేళ్ళ కిందట ప్యాట్రిక్ గెడ్డెస్ అని స్కాట్లాండు ఆయన ఒకడు మన దేశానికి వచ్చి ఊరూరా తిరిగినాడట. ఊరిని బాగు చేయాలంటే ముందు కాళ్ళతో ఊరంతా నడవాల, వైద్యుడు నాడి చూసినట్టు చూడాల, ఆ తర్వాతే గీత గీయాల, పాత వీధులు కూల్చి పెద్ద రోడ్లు వేయడం వైద్యం కాదు అనేవాడట. ఆయన పుస్తకాలు పిల్లలు ఇప్పటికీ చదువుతారు. చదివి పరీక్ష రాసి, బయటికొచ్చి ఏసీ గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఊరికి రంగులు వేస్తారు. పిల్లల తప్పు కాదది. పని దొరికేది అక్కడే.

ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి. లెక్కలంటే నాకు భయమే గానీ ఇవి చిన్నవే. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ మన దేశంలో పట్టణ ప్రణాళిక గురించి ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో పట్టణాలని లెక్కకొచ్చేవి 7,933 ఉంటే వాటిలో 65 శాతం ఊళ్ళకు మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో 12 వేలకు పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు 4 వేలు కూడా లేవు. ఆ ఉన్నవాటిలోనూ దాదాపు సగం ఖాళీ. ఇంకొక వింత ఏమంటే, చాలా రాష్ట్రాల్లో టౌన్ ప్లానర్ ఉద్యోగానికి టౌన్ ప్లానింగ్ చదివి ఉండాలనే షరతు కూడా లేదు. వంట రాని వాణ్ణి పెళ్ళి వంటకు పిలిచినట్టు కాదూ? 8 వేలకు పైగా పోస్టులు కొత్తగా మంజూరు చేసి, మూడు నుంచి అయిదేళ్ళ గడువుతో బయటి నుంచి ప్లానర్లను తీసుకోమని కూడా ఆ నివేదికలో రాసినారు. రాసి నాలుగేళ్ళయింది.

కాబట్టి "ఆ చదువుకు ఉద్యోగాలుండవంట కదా" అనే మాట పూర్తిగా నిజం కాదు. పని ఉంది, కుప్పలు కుప్పలుగా ఉంది. లేనిది కుర్చీ.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనాయి. ఒక్కసారిగా లక్షకు పైగా ఉద్యోగాలు. అందులో పట్టణాల్లో వార్డు ప్లానింగ్ సెక్రటరీ అని ఒక పోస్టు ఉంది. వార్డు వార్డుకూ ప్లానింగ్ మనిషి ఉండటం నిజంగా మంచి ఆలోచన, కాదనను. కానీ ఆ పోస్టుకు పాలిటెక్నిక్ డిప్లొమా చాలు. పాలిటెక్నిక్ పిల్లలను తక్కువ చేయడం లేదు, మా తమ్ముడూ పాలిటెక్నిక్ వాడే. పని కూడా ఎక్కువగా ఇంటి ప్లాన్లు, అనుమతులు, అనుమతి లేని కట్టడాల తనిఖీ. అంటే ఆ పెళ్ళిలో అవ్వ చెప్పిన పనే, పైన వచ్చే సంగతి పక్కన పెడితే. ఇల్లు రూలు ప్రకారం ఉందా అని చూసేవాళ్ళు వార్డుకొకరు ఉన్నారు. ఊరు ఎట్లా ఉండాలో చూసేవాళ్ళు మాత్రం చిన్న మునిసిపాలిటీలో వెతికినా కనపడరు. రెండేళ్ళ పీజీ చేసిన పిల్లకు అక్కడ కుర్చీ లేదు.

ఇంటర్న్‌షిప్పులు ఉన్నాయి. 2020 జూన్‌లో కేంద్రం ట్యులిప్ అని ఒక పథకం పెట్టింది. కొత్తగా డిగ్రీ అయిన పిల్లలు మునిసిపాలిటీల్లో, స్మార్ట్ సిటీల్లో కొన్నాళ్ళు పని నేర్చుకోవచ్చు. మంచిదే. కానీ ఇంటర్న్‌షిప్పు అంటే చుట్టం. చుట్టానికి మర్యాద ఉంటుంది, ఇంట్లో మాట చెల్లదు. బెంగళూరులో ఐఐహెచ్ఎస్ అని ఒక సంస్థ నగరాల మీద పని చేసే పిల్లలకు ఫెలోషిప్పు నడుపుతుంది. హైదరాబాదులో ఆస్కీ ఉంది. విధానాలు రాయడం, పరిశోధన చేయడం మీద మనసున్న పిల్లలకు అట్లాంటివి మంచి మెట్లు. అన్నీ పెద్ద నగరాల్లోనే, అదీ గమనించండి.

అమరావతి మాట రాకుండా ఈ సంగతి ముగియదు. 2014 డిసెంబరులో సీఆర్‌డీఏ వచ్చినప్పుడు ఈ చదువు చదివిన పిల్లల ఆనందం చెప్పనలవి కాదట. మన భాష మాట్లాడే చోట ఒక కొత్త నగరం, మొదటి గీత నుంచి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, పనులు ఆగినాయి. 2024లో మళ్ళీ మొదలు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అనేది ఇక్కడ రాయను, మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. కానీ 2019లో పట్టా పుచ్చుకున్న పిల్లకూ 2024లో పుచ్చుకున్న పిల్లకూ తెలివిలో తేడా ఏముంది? ఒకరికి తలుపు మూసి ఉంది, ఒకరికి తెరిచి ఉంది, అంతే. రాష్ట్రమంతటికీ ప్లానర్ల బతుకు ఒక్క నగరం మీద ఆధారపడితే ఇట్లే ఉంటుంది. అదే ప్రతి మునిసిపాలిటీలో ఒక్కొక్క ప్లానర్ ఉంటే ఏ ప్రభుత్వం వచ్చినా పోయినా ఆ పిల్లల పని వాళ్ళకుంటుంది.

చిన్న ఊళ్ళకు ప్లానర్ ఎందుకమ్మా అంటారేమో. ప్రొద్దుటూరు 2011 జనాభా లెక్కలకే లక్షన్నర దాటింది. పులివెందుల 60 వేలు, జమ్మలమడుగు 40 వేలు దాటినాయి. లక్ష దాటిన పట్టణాలకు 2015లో అమృత్ పథకం కింద జీఐఎస్ మాస్టర్ ప్లాన్లకు డబ్బులిచ్చినారు. 2021లో వచ్చిన రెండో విడతలో 50 వేల నుంచి లక్ష లోపు ఊళ్ళకూ ఆ అవకాశం వచ్చింది. డబ్బు ఊరిదాకా వస్తా ఉంది. కానీ ప్లాను గీసేది బయటి కన్సల్టెంటు. గీసి, పుస్తకం కట్టి, ఇచ్చి పోతాడు. ఆ తర్వాత దాన్ని చేతిలో పట్టుకుని ఊళ్ళో తిరిగే మనిషి ఎవరు? మన ఆంధ్ర ప్రాంతానికి టౌన్ ప్లానింగ్ చట్టం 1920 నుంచి ఉంది, మద్రాసు రాజధానిలో ఉన్నప్పటిది. చట్టానికి నూరేళ్ళు నిండినాయి. మనిషిని పెట్టడానికి ఇంకెన్నేళ్ళు?

మా తుమ్మలపల్లె సంగతి చెబుతాను. తుమ్మచెట్ల పేరు పెట్టుకున్న ఊరు. నేను కాపురానికి వచ్చినప్పుడు చెనిక్కాయ చేలు, చీనీ తోటలు, అరటి తోటలు, సాయంత్రం ఏడుకు ఊరు నిద్ర. 2007 నవంబరులో యురేనియం గనికి శంకుస్థాపన జరిగింది. 2012లో గని మొదలైంది. ఆ అయిదేళ్ళలో ఊరు ఊరుగా లేదు, పట్నమూ కాలేదు. అద్దె గదులొచ్చినాయి, టిఫిన్ హోటళ్ళొచ్చినాయి, లారీలొచ్చినాయి, భూమి ధరలొచ్చినాయి. గని గురించి మా ఊళ్ళో మాట్లాడుకునేది, నీళ్ళ గురించి, పంటల గురించి, అది వేరే పెద్ద కథ. దాన్ని ఇక్కడ ఇరికించను. నేను చెప్పేది ఒక్కటే. గనిలో ఏ సొరంగం ఎటు పోవాలో ముందే గీసుకుంటారు. పైనున్న పల్లెల్లో బడికి పోయే పిల్లలు లారీల దారిని ఎక్కడ దాటాలో గీసిన కాగితం నేనైతే చూడలేదు.

అటు కొండాపురం వైపు చూడండి. గండికోట రిజర్వాయరు నిండి తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు నీళ్ళలో కలిసినాయి. జనం కొత్త కాలనీలకు పోయినారు. ఒక ఊరిని మొత్తంగా లేపి ఇంకొక చోట పెట్టడం కన్నా పెద్ద టౌన్ ప్లానింగ్ ఏముంటుంది? గుడి ఎటువైపు, పీర్ల చావిడి ఎక్కడ, గొడ్లు ఎక్కడ కట్టుకోవాల, ముసలోళ్ళు సాయంత్రం ఎక్కడ కూర్చోవాల, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు. ప్లాట్ నంబర్లతో తేలే పనా అది? ఇట్లాంటి చోట రెండేళ్ళు పని చేసిన పిల్ల ఏ పుస్తకంలోనూ లేనిది నేర్చుకుంటుంది. మొదటి ఉద్యోగం ఇక్కడ చేసినవాళ్ళు రేపు ఢిల్లీలో కూర్చుని విధానం రాస్తే, అందులో ఆ జాకెట్ గుడ్డ ఉంటుంది.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. "పల్లెలకు, చిన్న ఊళ్ళకు సేవ చేయండి పిల్లలూ" అని చెప్పడం సులభం. సగం జీతానికి, ఏడాది కాంట్రాక్టుకు, అది కూడా నెల నెలా వస్తుందో రాదో తెలియని చోటికి మన ఆడపిల్లను పంపడం సులభం కాదు. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు అద్దెకు ఇవ్వడానికి మన చిన్న ఊళ్ళల్లో ఎన్ని ప్రశ్నలడుగుతారో నాకు తెలుసు, నేనే అడుగుతాను. పెళ్ళి సంబంధాలవాళ్ళు "కాంట్రాక్టా, పర్మనెంటా?" అనే అడుగుతారు, ఊళ్ళు బాగుపడ్డాయా అని అడగరు. అందుకని త్యాగం చేయమని ఏ పిల్లకూ నేను చెప్పను. పోస్టు మంజూరు చేయండి, దానికి తగిన జీతం పెట్టండి, చదివినవాళ్ళనే తీసుకోండి, ఏపీపీఎస్సీ ద్వారా క్రమం తప్పకుండా నింపండి అంటాను. ప్రతి మునిసిపాలిటీకి చదివిన ప్లానర్ ఒక్కరంటే ఒక్కరు. డాక్టరు లేని ఆసుపత్రి కట్టం కదా. తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఒకటుంది, ముందు నాకు నేనే చెప్పుకుంటున్నాను. పిల్ల చిన్న ఊరి పని కావాలంటే "ఆ జీతానికా" అనే మాటతో మొదలుపెట్టకండి. ముందు ఆ పని ఏమిటో అడగండి.

ఇంతకీ ఏమైందంటారా? ఆ రెండు రోజుల తిరుగుడు తర్వాత నేనే మా ఆయనను ఒప్పించినాను. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు "సరే, ఒక ఏడాదే" అన్నాడు. పిల్ల ఎగిరి గంతేసింది. పెట్టె కూడా సర్దుకుంది. వారం తర్వాత ఫోనొచ్చింది. ఆ ప్రాజెక్టుకు నిధుల ఫైలు ఎక్కడో ఆగిందట, ఆ పోస్టు ప్రస్తుతానికి లేదట. ఎవరినీ అనడానికి లేదు. చెప్పిన అబ్బాయి గొంతులో కూడా బాధే ఉందంది. వాడిదీ కాంట్రాక్టు ఉద్యోగమే మరి.

హైదరాబాదు వాళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నారు కాబట్టి అక్కడ చేరింది. సర్దిన పెట్టె అదే, పోయిన దారి వేరు.

అక్కడ మంచి హాస్టలు, మంచి స్నేహితులు, నెల నెలా జీతం. నేనేమీ పాడు మాట అనను. నిన్న రాత్రి ఫోన్ చేసింది. కంప్యూటర్లో ఒక ఊరి బొమ్మ చూస్తా ఉందట, ఎక్కడో ఉత్తరాన, దాని కాళ్ళు ఎన్నడూ తొక్కని ఊరు. బస్టాండు వెనకాల ఒక చోట ఏమీ లేని నేల కనిపిస్తా ఉందట. దాని పై ఆఫీసరు "ఖాళీ స్థలం, కమర్షియల్‌కు నీలం వేసేయ్" అన్నాడట.

"అమ్మా, అదేమై ఉంటుంది?"

"చెట్లున్నాయా?"

"నాలుగున్నాయి. పెద్దవే. చింతవో వేపవో పై నుంచి తెలీదు."

"చెట్ల కింద నేల ఏ రంగుంది? గడ్డి ఉందా?"

కాసేపు ఆగింది. పెద్దది చేసి చూస్తా ఉన్నట్టుంది.

"లేదు. తెల్లగా ఉంది, తొక్కి తొక్కి."

"అయితే ఖాళీ కాదు లే. రేపు పోయి మీ సారును అడుగు, ఆ ఊళ్ళో సంత ఏ వారమో."